రేకు కూలర్‌తో తొమ్మిది ఎండాకాలాలు

2016 ఏప్రిల్‌లో కొన్నాను. మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లో రేకులు కొట్టి కూలర్లు చేసే చిన్న దుకాణం అది. 18 అంగుళాల ఫ్యాను, మూడు పక్కలా గడ్డి, కింద నీళ్ల తొట్టి. అప్పట్లో ఆరున్నర వేలు. పోయిన ఎండాకాలంతో తొమ్మిది నిండాయి.

నాది బొగ్గు గనిలో పని. రాత్రి షిఫ్టు పడిన వారం పొద్దున్నే ఇంటికొచ్చి పగలు పడుకోవాలి. మే నెలలో చంద్రపూర్ జిల్లాలో పగటి నిద్రంటే ఏంటో ఇక్కడి వాళ్లకి చెప్పక్కర్లేదు. మైదానాల్లో 45 డిగ్రీలు చేరితే వడగాలి, 47 అయితే తీవ్ర వడగాలి అని వాతావరణ శాఖ లెక్క. 45 మాకు వార్తే కాదు. గాలే ఒంటికన్నా వేడిగా ఉంటే ఫ్యాను ఆ వేడినే తెచ్చి మన మీద పోస్తుంది.

కూలర్ వేసుకుంటే, బయట 45 ఉన్న రోజు కూడా మంచం పక్కన మా గోడ థర్మామీటర్ 31, 32 చూపిస్తుంది. కానీ ఎదురు కిటికీ తెరిచి ఉండాలి. మొదటి ఏడాది ఏసీ అనుకుని తలుపులన్నీ బిగించాం. అరగంట హాయి, ఆ తర్వాత ఒళ్లంతా జిడ్డు, దిండు చెమ్మ, డబ్బాలో అప్పడాలు మెత్తన. "వచ్చిన గాలి ఎటన్నా పోవద్దారా?" అని నాయన లేచి కిటికీ తెరిచాక అసలు సంగతి తెలిసింది. నీరు ఆవిరవుతూ గాలిలో వేడిని లాగేసుకుంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. తడి గాలిని గదిలోనే బంధిస్తే ఇంక ఆవిరయ్యేదేముంది?

విశాఖలో ఉండే మా బావమరిది ఇక్కడ రెండు రాత్రులు పడుకుని ముచ్చటపడి, వెళ్లగానే ఒకటి కొన్నాడు. వారానికే ఫోన్: "బావా, ఇది కూలర్ కాదు, ఇడ్లీ పాత్ర." సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది, పాపం దాని తప్పేం లేదు. మాకు కూడా మృగశిర వచ్చి నాలుగు వానలు పడ్డాక అంతే.

గడ్డి ఏటా మార్చిలో మారుస్తాను. మధ్యలో తేనెపట్టు రకం అట్టలు వేసి చూశాను. ఎక్కువ కాలం వస్తాయన్నారు గానీ, మా బోరు నీళ్ల ఉప్పుకి రెండో ఏడే తెల్లగా గట్టిపడిపోయాయి. మళ్లీ గడ్డికే వచ్చాను. ఒక ఏడు వట్టివేళ్లు కలిపాం, వారం రోజులు ఇల్లంతా ఆ వాసన! ఆ తర్వాత మామూలే. చల్లదనం తగ్గిందనిపిస్తే మోటారు మీద అనుమానపడకండి, ముందు గడ్డి చూడండి. అరచేతంత ఎండిన చోటు కనిపిస్తే వేడి గాలి అక్కణ్నుంచే దూసుకొస్తోందన్నమాట. పైన నీళ్లు కార్చే గొట్టం చిల్లులు ఉప్పుతో పూడిపోతాయి. నేను పిన్నీసుతో పొడుస్తాను, రెండు నిమిషాల పని.

నీళ్లు మాత్రం బాగా తాగుతుంది, మేలో రోజుకి నాలుగైదు బకెట్లు. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి రుద్దాల్సిందే, డెంగీ దోమ పెరిగేది ఇలాంటి నిలవ నీళ్లలోనే.

నా అసలు ఫిర్యాదు కరెంటు గురించి. దుకాణదారు రెండు పిన్నుల ప్లగ్గు పెట్టి ఇచ్చాడు, మేమూ పట్టించుకోలేదు. 2019లో మా ఆవిడ చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి నీళ్లు పోస్తుంటే మోచేతి దాకా షాక్ కొట్టింది. బకెట్ ఎగిరిపడింది. అడిగితే "కొంచెం లీకేజీ ఉంటుంది సార్" అన్నాడు. కొంచెమట! విదర్భలో కూలర్ షాక్‌తో మనుషులు పోయిన వార్తలు ఏ ఎండాకాలమూ తప్పవు. ఎలక్ట్రీషియన్‌తో మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) పెట్టించాను. అయినా ప్లగ్గు పీకకుండా ఇంట్లో ఎవరూ తొట్టి ముట్టుకోరు.

ఖర్చుకి ఢోకా లేదు. ఇది లాగేది 200 వాట్లకి అటూ ఇటూ, టన్నున్నర ఏసీ అయితే 1500 దాకా. కాకపోతే కరెంటు పోయిందంటే ఇది ఒట్టి రేకు పెట్టె. ఒక రోహిణీ కార్తెలో (మొదటి తొమ్మిది రోజుల్ని ఇక్కడ నవ్‌తపా అంటారు) మధ్యాహ్నం పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. అమ్మకి మాట తడబడింది, ఒళ్లు పెనంలా కాలుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోసి విసిరాం, మెడకీ చంకల్లోనూ ఐసు పెట్టాం. ఆ స్థితిలో నోట్లో నీళ్లు పోయకూడదు, పొరపోతాయి. ముందు చల్లబరచడమే మంచిదైందన్నారు డాక్టరు. ఆ నెల జీతంలోనే ఇన్వర్టర్ కొన్నాను. కూలర్ దాని మీద మూడు గంటలు నడుస్తుంది.

తొట్టి అడుగు రెండుసార్లు తుప్పుపట్టి చిల్లు పడితే తారు పూసి నడిపించాను. మూడో చిల్లు మొన్న పడింది. మోటారు ఇంకా కొత్తదానిలా తిరుగుతోంది కాబట్టి పెట్టె ఒక్కటే కొత్తది చేయిస్తున్నాను, వేరే దుకాణంలో. ఎర్తింగ్ తీగ బిగించేదాకా అక్కణ్నుంచి కదలనని ముందే చెప్పాను.