డిస్నీ వరల్డ్‌లో మోకాళ్ళు అరగకుండా తిరగడం: బస్సు, బోటు, మోనోరైలు, రోప్‌వే

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ గురించి పిల్లలు చెప్పేదంతా రైడ్‌ల గురించే. అరవై దాటినవాళ్ళకు రైడ్‌లతో పెద్ద పని లేదు. మనకు తెలియాల్సింది ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి, దిగాక ఎంత నడవాలి అన్నదే. మా బిడ్డ ఓర్లాండో దగ్గర ఉంటుంది కాబట్టి అమెరికా వెళ్ళిన ప్రతిసారీ అక్కడికి పోతూనే ఉన్నాం. కొన్నిసార్లు డిస్నీ హోటళ్ళలో దిగాం, కొన్నిసార్లు ఇంటి నుంచే కారులో వెళ్ళొచ్చాం. తిరిగి హనుమకొండకు రాగానే, మా నయీంనగర్‌లో వీసా స్టాంప్ పడ్డ ప్రతి ఇంటి నుంచీ ఇవే ప్రశ్నలు. అందుకే వివరంగా రాస్తున్నా.

పార్కు అనగానే ఒక గేటు, చుట్టూ ఒక ప్రహరీ అనుకుంటాం. ఇది 25 వేల ఎకరాలు, అంటే దాదాపు 100 చదరపు కిలోమీటర్లు. 1971 అక్టోబర్ 1న మ్యాజిక్ కింగ్‌డమ్‌తో మొదలైంది. 1982లో ఎప్కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అంటున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. మధ్యలో అడవులు, చెరువులు, హైవేలు, హోటళ్ళు. ఒక పార్కులోంచి బయటికొచ్చి పక్కదాంట్లోకి నడిచిపోదాం అంటే చాలాచోట్ల కుదరదు. మంచి విషయం ఏంటంటే, లోపల తిరిగే బస్సులు, బోట్లు, మోనోరైలు, రోప్‌వే అన్నీ ఉచితమే. ఎక్కడానికి పార్కు టికెట్ కూడా అడగరు.

వీటిలో అసలు బరువు మోసేది బస్సే. ఫొటోల్లో కనపడదు, ఎవరూ పొగడరు. ఏసీ ఉంటుంది, వీల్‌చైర్ ఎక్కడానికి ర్యాంప్ ఉంటుంది, వాళ్ళనే ముందు ఎక్కిస్తారు. హోటల్‌లో దిగితే బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో డిస్నీ యాప్‌లోనే కనిపిస్తుంది కాబట్టి స్టాపులో పడిగాపులు పడకుండా గదిలోనే కూర్చోవచ్చు. మనవడి స్ట్రోలర్ మాత్రం మడవాల్సిందే. నిద్రపోయిన పిల్లవాణ్ణి ఒక చేత్తో ఎత్తుకుని, ఇంకో చేత్తో ఆ బండిని మడిచే మా అల్లుణ్ణి చూస్తే జాలేస్తుంది. ఆ పని మనవల్ల కాదు, మనం ముందే ఎక్కి సీటు పట్టుకోవడమే సాయం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు సొంత కారు కంటే డిస్నీ హోటల్ బస్సే నయం. కారులో వెళ్తే పార్కు దగ్గర దింపరు. చెరువుకు ఇవతల ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ టికెట్ సెంటర్ అని ఒక పెద్ద కూడలి ఉంటుంది, పార్కింగ్ అక్కడ. కారు ఆపి, ట్రామ్ ఎక్కి, దిగి, బ్యాగు తనిఖీ చేయించుకుని, అప్పుడు మోనోరైలో పెద్ద బోటో ఎక్కితే గేటు దగ్గరికి చేరతాం. ఊబర్ ఎక్కినా అక్కడే దింపుతుంది. హోటల్ బస్సు అలా కాదు, నేరుగా గేటు ముందు బస్టాపులో ఆపుతుంది. అక్కడ కూడా తనిఖీ ఉంటుంది కానీ మధ్యలో ఎక్కడం దిగడం ఉండదు. "ఇంట్లో కారుంది కదా బాపూ, బస్సెందుకు" అని పిల్లలు అంటే ఈ వరుస చెప్పండి.

బ్యాగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. బయటి తిండి లోపలికి తీసుకుపోనిస్తారు, గాజు సీసాలు, మద్యం తప్ప. మా ఆవిడ సకినాల డబ్బా, పులిహోర లేకుండా ఏ పార్కుకూ కదలదు. తనిఖీలో డబ్బా మూత తీసి చూసినవాళ్ళు ఉన్నారు గానీ వద్దన్నవాళ్ళు లేరు.

మోనోరైలు మీద నాకు మోజు తగ్గిపోయింది. పట్టాలన్నీ కలిపి దాదాపు 23 కిలోమీటర్లు, కాంటెంపరరీ అనే హోటల్ నడిమధ్యలోంచి రైలు దూసుకుపోతుంది, కిటికీలోంచి లాబీ కనిపిస్తుంది. ఎప్కాట్‌కు వెళ్ళే లైనైతే స్టేషన్‌లో ఆగేముందు పార్కు మీదుగా ఒక చుట్టు తిరిగి, ఆ పెద్ద తెల్ల గోళాన్ని దగ్గర్నుంచి చూపిస్తుంది. మొదటిసారి ఎక్కినప్పుడు నోరు తెరిచి చూశాం. కానీ ఇది ఆ చెరువు చుట్టూ ఉన్న మూడు హోటళ్ళకు, మ్యాజిక్ కింగ్‌డమ్‌కు, ఎప్కాట్‌కు మాత్రమే పనికొస్తుంది. ఈ రెండు పార్కుల మధ్య వెళ్ళాలన్నా ఆ కూడలిలో దిగి ఇంకో రైలు ఎక్కాలి, ర్యాంప్ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. మోకాళ్ళకు ఆ ర్యాంపులే పరీక్ష. సరదాకు ఒకసారి ఎక్కండి, రోజువారీ ప్రయాణానికి దాన్ని నమ్ముకోవద్దు.

అదే కూడలి నుంచి బయల్దేరే పెద్ద బోటుంది చూశారూ, దానికి నా ఓటు. ఒక్క విడతలో వందలమంది పడతారు కాబట్టి క్యూ ఎంత పొడుగున్నా ఒక్కసారిగా తుడిచిపెట్టుకుపోతుంది. రేవు చదునుగా ఉంటుంది. బెంచీ దొరికితే చెరువు గాలికి కాసేపు కళ్ళు మూసుకోవచ్చు. దూరం నుంచి పార్కులోని కోట చిన్నగా కనిపించి, దగ్గరికొచ్చేకొద్దీ పెద్దదవుతుంటే మనవడు రెయిలింగ్ వదిలిరాడు. రైడ్ కింద లెక్కేయరు గానీ, నా దృష్టిలో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మొదటి రైడ్ ఇదే.

ఇక రోప్‌వే. దాన్ని స్కైలైనర్ అంటారు, 2019 సెప్టెంబర్ 29న మొదలైంది. పది మంది దాకా పట్టే డబ్బాలు తీగ మీద వరుసగా వస్తూనే ఉంటాయి, కాబట్టి టైమ్‌టేబుల్ గొడవ లేదు. కరీబియన్ బీచ్ హోటల్ దగ్గర జంక్షన్. అక్కడి నుంచి ఒక తీగ హాలీవుడ్ స్టూడియోస్‌కు, ఒకటి పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ హోటళ్ళకు, ఇంకోటి రివియేరా హోటల్ మీదుగా ఎప్కాట్‌కు. స్ట్రోలర్ మడవక్కర్లేదు, అలాగే తోసుకుపోవచ్చు. డబ్బా పూర్తిగా ఆగకుండా మెల్లగా జరుగుతుండగానే ఎక్కాలి. అది చూసి పెద్దవాళ్ళు జంకుతారు. చాలా స్టేషన్లలో వీల్‌చైర్‌వాళ్ళ కోసం పక్కన ఇంకో దారి ఉంటుంది, అక్కడ డబ్బాను నిలిపి ఎక్కిస్తారు. నడక నెమ్మది అని సిబ్బందికి ఒక్క మాట చెబితే చాలు.

ఎప్కాట్ తీగ మీద రివియేరా రాగానే తలుపులు తెరుచుకుంటాయి. వచ్చేసింది అనుకుని అందరూ లేస్తారు. మా ఆవిడ సంచి భుజాన వేసుకుని లేవబోతే బిడ్డ కొంగు పట్టి గుంజింది: "కూసో అమ్మా, ఇది మన స్టేషన్ కాదు, ఇదే డబ్బాల ఇంకా పోవాలె." ఎదురుగా కూర్చున్న అమెరికన్ ముసలాయన కూడా అప్పటికే లేచి నిలబడ్డాడు. బిడ్డ మాట అర్థం కాకపోయినా సైగ చూసి ఆయనా కూర్చున్నాడు.

దీంట్లో రెండు ఇబ్బందులు. ఒకటి, ఏసీ లేదు. డబ్బా కదులుతున్నంతసేపూ గాలి ఆడుతుంది, ఆగితే ఉక్కపోత. మన మే నెల ఎండలు చూసినవాళ్ళం, ఫ్లోరిడా ఒక లెక్కా అనుకుంటారు. మనది పొడి ఎండ, అక్కడ చెమట ఆరదు. రెండు, మెరుపులొస్తే సర్వీసు ఆపేస్తారు. ఎండాకాలంలో అక్కడ దాదాపు ప్రతి మధ్యాహ్నం ఉరుములే కాబట్టి మబ్బు పట్టగానే బస్సు సంగతి ఆలోచించుకోవాలి. అయినా నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఎందుకంటే ఇది ఎప్కాట్ వెనక గేటు దగ్గర దింపుతుంది. ముందు గేటు నుంచి వస్తే సగం పార్కు దాటితే గానీ ఒక్కో దేశం పేరుతో కట్టిన మంటపాలు రావు. చెరువు చుట్టూ 11 దేశాలు, ఆ చుట్టే దాదాపు 2 కిలోమీటర్లు. వెనక గేటు నేరుగా ఫ్రాన్స్‌కూ బ్రిటన్‌కూ మధ్యలో తెరుచుకుంటుంది. అటు రెండు, ఇటు రెండు చూసి, ఒంట్లో ఓపిక అయిపోగానే మళ్ళీ డబ్బా ఎక్కేయొచ్చు.

ఆ వెనక గేటు నుంచే హాలీవుడ్ స్టూడియోస్‌కు చిన్న బోటు కూడా ఉంది. దారిలో ఒక్కో హోటల్ రేవులో ఆగుతూ పోతుంది. తొందర లేకపోతే బాగుంటుంది. యానిమల్ కింగ్‌డమ్‌కు రైలు, బోటు, రోప్‌వే ఏవీ లేవు, బస్సో కారో అంతే.

బాణసంచా అయ్యాక మ్యాజిక్ కింగ్‌డమ్ నుంచి తిరుగు ప్రయాణమే అన్నిటికంటే కష్టం. మేడారం జాతరలో తిరుగు బస్సు కోసం కర్రలు కట్టిన వరుసల్లో నిలబడినవాళ్ళకు ఆ క్యూ కొత్తేమీ కాదు. పరుగెత్తకండి. పార్కు మూశాక కూడా మెయిన్ స్ట్రీట్ దుకాణాలు కాసేపు తెరిచే ఉంటాయి. ఏసీలో నిలబడి బొమ్మల ధరలు చూసి నిట్టూర్చేలోగా సగం జనం వెళ్ళిపోతారు.

మన వరంగల్‌వాళ్ళే ఇంకో డిస్నీ హోటల్‌లో దిగారని తెలిసి, భోజనానికి వెళ్దామనుకుంటే ఒక చిక్కుంది. హోటల్ నుంచి హోటల్‌కు సాధారణంగా నేరుగా బస్సు ఉండదు. ఏదో ఒక పార్కుకో, డిస్నీ స్ప్రింగ్స్ అనే బజారుకో వెళ్ళి అక్కడ మారాలి. అలాంటప్పుడు క్యాబ్ పెట్టుకోవడమే మేలు. విమానాశ్రయం నుంచి ఉచిత బస్సు ఉంటుందని పాత సంగతి పట్టుకుని ఇంకా చెబుతున్నవాళ్ళున్నారు. అది 2022 మొదట్లోనే ఆగిపోయింది, ఇప్పుడు డబ్బు పెట్టి వెళ్ళాల్సిందే.

వీల్‌చైర్ విషయంలో మనవాళ్ళ తీరే నాకు అర్థం కాదు. శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ క్యూ తప్పించుకోవడానికి గట్టిగా ఉన్నవాళ్ళు కూడా వీల్‌చైర్ అడుగుతారు. తీరా రోజంతా నడిచే చోట "నాకెందుకు, నడుస్తా" అంటారు. ప్రతి పార్కులోనూ గేటు దగ్గర అద్దెకు దొరుకుతుంది. బ్యాటరీతో నడిచేవి కూడా ఉన్నాయి గానీ పొద్దున్నే వెళ్ళకపోతే అయిపోవచ్చు.

హోటల్ బుక్ చేసేది పిల్లలే కాబట్టి వాళ్ళకు ముందే చెప్పండి. కోటకు దగ్గరగా ఉండే మోనోరైలు హోటళ్ళ ధరలు వింటే మనకు నిద్ర పట్టదు. పాప్ సెంచరీ, ఆర్ట్ ఆఫ్ యానిమేషన్ వాటికంటే ఎంతో తక్కువలో వస్తాయి, రెండింటికీ కలిపి మధ్య వంతెన దగ్గరే స్కైలైనర్ స్టేషన్. గది అడిగేటప్పుడు ఆ స్టేషన్‌కు దగ్గర బ్లాకు ఇవ్వమని అడగమనండి. ఆ హోటళ్ళే ఎంత పెద్దవంటే, దూరం బ్లాకు దొరికితే పొద్దున డబ్బా ఎక్కేలోగానే కాళ్ళు పీకుతాయి.