గోస్తని వెంట: బొర్రా నుంచి భీమిలి దాకా

అరకు వెళ్లేవాళ్లు గోస్తనిని దాటుకుంటూ పోతారే గానీ ఆగి చూసేది తక్కువ. మేం ఈసారి అరకును పక్కన పెట్టి ఈ ఏటినే పట్టుకున్నాం. అనంతగిరి కొండల్లో చిన్న వాగులా మొదలై భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కి బొర్రా గుహలు స్టేషన్‌లో దిగాం. అద్దాల విస్టాడోమ్ బోగీకి ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. దొరక్కపోయినా దిగులేం లేదు, మామూలు బోగీ కిటికీలోంచి కూడా లోయలు, సొరంగాలు బాగానే కనిపిస్తాయి. గుహల్లోని సున్నపురాయిని లక్షల ఏళ్లుగా కరిగించి తొలిచింది నీళ్లే. లోపల ఆ రంగురంగుల లైట్లు నాకు నచ్చలేదు, రాయి అసలు రంగు ఏమిటో తెలియనివ్వవు. శివలింగం దాకా మెట్లెక్కాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు కిందే ఆగి చూసినా చాలు. బయట కోతులున్నాయి, చేతిలో తినేవి పెట్టుకోకండి.

నా ఓటు మాత్రం కటికి జలపాతానికే. గుహల దగ్గర జీపులు దొరుకుతాయి. బేరం ఎక్కే ముందే తేల్చుకోండి, అక్కడ ఎంతసేపు ఆగుతారో కూడా అడగండి. దారి రాళ్లూ గుంతలే, నడుం నొప్పి ఉంటే వద్దు. జీపు దిగాక కొంత నడక ఉంటుంది. నడక మొదలుపెట్టే ముందే బొంగు చికెన్‌కు చెప్పి వెళ్తే తిరిగొచ్చేసరికి వేడివేడిగా తయారుగా ఉంటుంది. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోకుండా జేబులో నోట్లు ఉంచుకోండి. వానలు తగ్గాక, అక్టోబర్ నుంచి వెళ్తే నీళ్లూ ఉంటాయి, దారీ ఫర్వాలేదు.

రాత్రికి అనంతగిరిలోనే ఉన్నాం. కాఫీ తోటల మధ్య చలి, నిశ్శబ్దం బాగున్నాయి. మేం దిగిన రిసార్టులో దుప్పట్లు మాసి ఉన్నాయి, వేడినీళ్లు పొద్దున కాసేపే. ఆ అద్దెకు అది అన్యాయం. మళ్లీ వెళ్తే గది చూశాకే డబ్బు కడతాను.

కొండ దిగాక ఇదే నీరు తాటిపూడి జలాశయం చేరుతుంది. విశాఖకు తాగునీళ్లు ఇక్కడి నుంచీ వెళ్తాయి. చుట్టూ కొండలు బాగుంటాయి గానీ గంట చాలు, నీడ తక్కువ.

భీమిలికి మాత్రం సాయంత్రమంతా ఉంచుకోండి. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు. డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, పావురాలకొండ మీద బౌద్ధ శిథిలాలు అన్నీ దగ్గర్లోనే. ఏరు సముద్రంలో కలిసే చోట పిల్లల్ని నీళ్లలోకి దింపకండి, ప్రవాహం లాగేస్తుంది. అక్కడి నుంచి విశాఖకు బీచ్ రోడ్డు మీద బస్సులున్నాయి.