బోరు మోటరుకు 4జీ మొబైల్ స్టార్టర్: ఫోన్ బటన్ కాదు, సీటీలు (కరెంటు కొలిచే రింగులు) లెక్కపెట్టి కొనండి

యాసంగి వరికి నీళ్లు పెట్టాలంటే చీకట్లో టార్చిలైటు పట్టుకుని బాయికాడికి పోవాలి, తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా ముట్టుకోవాలి. ఫోన్‌తోనే మోటరును ఆన్, ఆఫ్ చేసే డబ్బా మొబైల్ స్టార్టర్; అది ఆ బాధ తప్పిస్తుంది. పుణె ఇంజనీరు సంతోష్ ఓస్త్వాల్ ఫోన్‌తో మోటరు నడిపే నానో గణేశ్ పరికరం తెచ్చినప్పుడూ ఉద్దేశం ఇదే. అయితే ఈ ఒక్క సుఖం కోసమే డబ్బులు పెట్టొద్దు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ కాలిందంటే వందల అడుగుల పైపు ఎత్తాలి, వైండింగ్ చేయించాలి, మళ్లీ దించాలి. అన్ని రోజులూ పొట్టకొచ్చిన పైరు ఎండుతుంది. మోటరు కాలకుండా ఆపేదే మంచి డబ్బా. ఆ లెక్కన చూస్తే చవక మోడళ్లు చాలా వరకు నిలవవు.

ముందు సిమ్ సంగతి. పాత డబ్బాల్లో 2జీ మాడ్యూలు ఉంటుంది. జియోకు మొదటి నుంచీ 2జీ లేదు కాబట్టి వాటిలో జియో సిమ్ వేస్తే నెట్‌వర్కే దొరకదు. డబ్బా మీద 4జీ అని ఉన్నా నమ్మి తెచ్చుకోవద్దు. కొన్ని మాడ్యూళ్లకు డేటా మాత్రమే వస్తుంది, వోల్టీ (VoLTE, అంటే 4జీ మీదే కాల్స్ కలిపే పద్ధతి) ఉండదు. యాప్ నడుస్తుంది గానీ జియో సిమ్‌కు కాల్ చేస్తే కలవదు. షాపులోనే మీ సిమ్ వేయించి, కాల్ చేసి, రిలే (డబ్బాలోని చిన్న స్విచ్) టక్కున పడిన చప్పుడు విన్నాకే డబ్బులివ్వండి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించాక డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకే ప్యాకులు వచ్చాయి. కాల్‌తో నడిపే స్టార్టర్‌కు అది చాలు. గడువు తేదీని డబ్బా తలుపు లోపల రాసిపెట్టుకోండి. ఆ సిమ్ మన చేతిలో ఉండదు, రీచార్జ్ మెసేజ్ మనకు కనబడదు.

ఇక అసలు విషయం సీటీలు, అంటే మోటరు వైరు నడుమ నుంచి దూరే చిన్న రింగులు. ఆంప్స్ కొలిచేవి అవే. చవక డబ్బాల్లో ఒక్కటే ఉంటుంది, ఫేజు పోయిందా లేదా అన్నది వోల్టేజీ చూసే చెబుతాయి. ఇక్కడే మోసపోతాం. మోటరు తిరుగుతుండగా ఒక ఫేజు పోతే, ఆ పోయిన తీగలోకి మోటరే వోల్టేజీ పుట్టించి వెనక్కి పంపుతుంది. డబ్బాకు మూడు ఫేజులూ ఉన్నట్టే కనబడుతుంది. అంతలో మిగిలిన రెండు తీగల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు అవుతుంది, వైండింగ్ కాలుతుంది. కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పాయింట్లలో ఒకటి కాలినప్పుడు ఇంకా కష్టం. లోపలికి వచ్చే లైను బాగానే ఉంటుంది కాబట్టి వోల్టేజీ చూసే డబ్బాకు తప్పు దొరకదు. ఉన్న ఒక్క సీటీ ఆ తెగిన ఫేజు మీదే ఉంటే సున్నా ఆంప్స్ చూపి, బోరులో నీళ్లు లేవనుకుని ఆపుతుంది. కాసేపు ఆగి తనంతట తానే మళ్లీ స్టార్ట్ చేస్తుంది. రెండు ఫేజుల మీద మోటరు లేవదు, మూలుగుతుంది. ప్రతిసారీ వైండింగ్ మరింత వేడెక్కుతుంది. అందుకే కనీసం రెండు, వీలైతే మూడు సీటీలు ఉన్నదే తీసుకోండి. యాప్ ఎంత అందంగా ఉన్నా ఒక్క సీటీ దాన్ని షాపులోనే వదిలేయండి.

సెట్టింగ్ తొందరపడి చేసేది కాదు. మోటరును పది నిమిషాలు నడిపి, పైపు నిండుగా పోసేటప్పుడు ఆంప్స్ చూడండి. 8 చూపితే ఓవర్‌లోడ్ (ఆంప్స్ ఇంతకు మించితే ఆపేది) 9.5 దగ్గర, డ్రై రన్ (నీళ్లు లేక ఆంప్స్ ఇంతకు తగ్గితే ఆపేది) 6.5 దగ్గర పెట్టండి. నీళ్లు లేకున్నా సబ్‌మెర్సిబుల్ సగానికి పైగా ఆంప్స్ లాగుతుంది, కాబట్టి డ్రై రన్‌ను 4 దగ్గర పెడితే అది ఎప్పటికీ పనిచేయదు. నీళ్లు లేక తిరిగితే బుష్‌లు అరుగుతాయి, చల్లబడే దారి లేక వైండింగ్ పోతుంది. డ్రై రన్‌కు 15-20 సెకన్ల ఆలస్యం ఇవ్వండి. నీళ్లు వెనక్కి దిగకుండా ఆపే వాల్వు లీకై పైపు ఖాళీ అయిన బోరుకు నీళ్లు పైకి రావడానికి ఇంకాస్త ఎక్కువ కావాలి.

కెపాసిటర్ ముందే బిగించి, ఆ తర్వాతే ఈ లెక్క చూడాలి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) సరిపోతుంది. సీటీ లైను వైపు, అంటే కెపాసిటర్‌కు ముందు ఉంటే కెపాసిటర్ వల్ల ఆంప్స్ తగ్గి కనబడతాయి. రేపు అది ఉబ్బి పోతే అవే నీళ్లకు ఆంప్స్ పెరిగి ఓవర్‌లోడ్ పడుతుంది. మోటరు పోయిందని పైపులు ఎత్తే ముందు కెపాసిటర్ చూడండి.

కరెంటు రాగానే మోటరును దానంతటదే లేపే ఆటో మోడ్ మాత్రం వద్దు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడే ఆటో స్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం కోరింది. అవసరం లేకున్నా మోటరు నడిచి భూగర్భజలం దిగిపోతుంది. జనగామ దిక్కు బోర్లు ఎంత లోతుకు పోయాయో అందరం చూస్తున్నదే. ట్రాన్స్‌ఫార్మర్‌కూ ముప్పే. 25 కేవీఏ దానికి ఫేజుకు 33 ఆంప్స్ నిండు లోడు. ఒక్క 5 హెచ్‌పీ మోటరు డైరెక్టుగా లేచేటప్పుడే 40 ఆంప్స్ దాటుతుంది. కరెంటు రాగానే ఐదారు మోటర్లు ఒక్కసారి లేస్తే ఫ్యూజులు ఎగిరిపోతాయి. ఆటో తప్పదనుకుంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది వాళ్లంతా మాట్లాడుకుని ఒకరు 1 నిమిషం, ఇంకొకరు 3, మరొకరు 5 నిమిషాల ఆలస్యం పెట్టుకోవాలి. దీనికంటే టైమర్ మేలు: రెండు గంటలు పెడితే అంతసేపు నడిచి దానంతటదే ఆగుతుంది.

బిగింపులో తప్పులు ఎప్పుడూ ఒకే చోట జరుగుతాయి. డబ్బా ఆన్ రిలే పచ్చ బటన్‌కు సమాంతరంగా, ఆఫ్ రిలే ఎర్ర బటన్‌కు వరుసలో పడాలి. ఇవి తారుమారైతే మోటరు ఫోన్ మాట సరిగా వినదు. ఇనుప డబ్బాలో యాంటెన్నా పెడితే సిగ్నల్ రాదు, బయటకు తీయండి. వైర్లు దూరిన రంధ్రాలు ఎంసీల్‌తో మూయండి, లేదంటే చీమలు, బల్లులు బోర్డు మీద చేరి షార్ట్ చేస్తాయి. మే, జూన్ పిడుగులకు బోర్డులు పోతాయి. రెండున్నర మీటర్ల జీఐ పైపుతో ఎర్తింగ్ ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

ఇంట్లో వాళ్లవి రెండు మూడు నంబర్లే రిజిస్టర్ చేయించండి. మోటరు దగ్గర ఎవరు చేయి పెట్టినా, ముందు మెయిన్ దించి ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకోవాలి. డబ్బా ఆఫ్‌లో ఉందంటే సరిపోదు, ఇంకొకరి కాల్‌తో అది ఎప్పుడైనా ఆన్ అవుతుంది.