లిబ్‌అన్‌వైండ్: కాల్ స్టాక్‌ను రిజిస్టర్లతో సహా చదివే సీ లైబ్రరీ

సీ భాషలో రాసిన ప్రోగ్రామ్ ఉన్నట్టుండి కూలిపోయినప్పుడు, ఏ ఫంక్షన్ దేన్ని పిలవగా అక్కడికి చేరిందో (ఈ పిలుపుల వరుసే కాల్ స్టాక్) ఆ ప్రోగ్రామే స్వయంగా చెప్పగలిగితే సగం వెతుకులాట తప్పుతుంది. లినక్స్‌పై ఈ పనికి దొరికే సాధనాల్లో నేను లిబ్‌అన్‌వైండ్‌కే మొదటి స్థానం ఇస్తాను. అయితే ఈ మాట రిటర్న్ అడ్రసులు (ఫంక్షన్ ముగిశాక తిరిగి వెళ్లవలసిన చోట్లు) మాత్రమే చాలనుకునేవారికి కాదు. పిలిచిన ఫంక్షన్ల స్థాయిలో రిజిస్టర్ల (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ స్థానాల) విలువలు కూడా కావలసినవారికి.

అడ్రసులు మాత్రమే కావాలంటే గ్నూ సీ లైబ్రరీలోని బ్యాక్‌ట్రేస్ ఫంక్షన్ సరిపోతుంది. అది ఒక శ్రేణిలో అడ్రసులు నింపి ఊరుకుంటుంది, రిజిస్టర్ల ఊసెత్తదు. దాని జంట అయిన బ్యాక్‌ట్రేస్‌సింబల్స్ ఫంక్షన్ల పేర్లు చూపుతుంది కానీ స్టాటిక్ ఫంక్షన్ల పేర్లు పట్టుకోలేదు, మిగిలిన పేర్లకు కూడా లింక్ చేసేటప్పుడు ఆర్‌డైనమిక్ ఆప్షన్ ఇవ్వవలసి ఉంటుంది.

ఇక ఆర్‌బీపీ రిజిస్టర్‌ను పట్టుకుని మనమే స్టాక్ ఎక్కడమనే పాత పద్ధతి ఉంది. ఎక్స్86-64లో ఆర్‌బీపీ చూపే చోట పిలిచిన ఫంక్షన్ తాలూకు ఆర్‌బీపీ, దానికి 8 బైట్ల పైన రిటర్న్ అడ్రసు ఉంటాయి కనుక నాలుగైదు వరుసల కోడ్‌తో పని అయిపోవాలి. కానీ ఆప్టిమైజేషన్ అడగగానే జీసీసీ కంపైలర్ మామూలుగా ఫ్రేమ్ పాయింటర్‌ను (స్టాక్‌లో ఒక్కో ఫంక్షన్‌కు చెందిన భాగాన్ని, అంటే ఫ్రేమ్‌ను, చూపే విలువను) వదిలేసి, ఆర్‌బీపీని సాధారణ రిజిస్టర్‌లా వాడుకుంటుంది. ఆ గొలుసు అక్కడే తెగుతుంది. లిబ్‌అన్‌వైండ్ ఆ గొలుసుపై ఆధారపడదు. ప్రతి అడ్రసు దగ్గర ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో, ఏ రిజిస్టర్ ఎక్కడ దాచి ఉందో చెప్పే పట్టికలను కంపైలర్ ఈహెచ్‌ఫ్రేమ్ విభాగంలో రాసిపెడుతుంది. లైబ్రరీ వాటిని చదివి ఒక్కో మెట్టు ఎక్కుతుంది.

వాడకం నాకు ఎంతో నచ్చింది. గెట్‌కాంటెక్స్ట్ ప్రస్తుత రిజిస్టర్లను పట్టి ఉంచుతుంది, ఇనిట్‌లోకల్ వాటి నుంచి ఒక కర్సర్‌ను తయారుచేస్తుంది, స్టెప్ ఆ కర్సర్‌ను పిలిచిన ఫంక్షన్‌కు జరుపుతుంది. స్టెప్ ధన సంఖ్య తిరిగిచ్చినంతవరకు లూప్ సాగుతుంది. సున్నా వస్తే స్టాక్ ముగిసినట్టు, రుణ సంఖ్య వస్తే దారి తప్పినట్టు. పేరు కోసం గెట్‌ప్రోక్‌నేమ్ ఉంది. ఇది ఫంక్షన్ ఆరంభం నుంచి దూరాన్ని కూడా ఇస్తుంది. ఫైల్ పేరు, వరుస సంఖ్య మాత్రం ఇవ్వదు. వాటికి యాడర్2లైన్ వంటి వేరే సాధనాన్ని ఆశ్రయించాలి, అప్పుడు రిటర్న్ అడ్రసు నుంచి ఒకటి తీసివేసి అడగాలి, ఎందుకంటే ఆ అడ్రసు కాల్ తరువాతి ఆదేశాన్ని చూపుతుంది.

అసలు విలువ గెట్‌రెగ్‌లో ఉంది. కర్సర్ ఏ ఫ్రేమ్‌లో నిలిచి ఉంటే ఆ ఫ్రేమ్ నాటి ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌ను, స్టాక్ పాయింటర్‌ను, ఆర్‌బీఎక్స్, ఆర్‌బీపీ, ఆర్12 నుంచి ఆర్15 వరకు ఉన్న రిజిస్టర్లను అడిగి తెలుసుకోవచ్చు. పిలవబడిన ఫంక్షన్ వాడుకుంటే తిరిగి అలాగే అప్పగించాలని ఏబీఐ (కంపైల్ అయిన కోడ్ భాగాలు ఒకదాన్నొకటి పిలిచే ఒప్పందం) నియమం పెట్టినవి ఇవే కనుక, వీటి జాడ పట్టికల్లో ఉంటుంది. ఆర్‌ఏఎక్స్, ఆర్‌డీఐ, ఆర్‌ఎస్ఐ వంటివాటికి ఆ రక్షణ లేదు. అందువల్ల నాలుగు ఫ్రేములు పైకి వెళ్లి ఒక ఫంక్షన్‌కు అందిన మొదటి ఆర్గ్యుమెంట్‌ను ఆర్‌డీఐలో వెతికితే, వచ్చే విలువను నమ్మకూడదు. ఇది లైబ్రరీ లోపం కాదు, ఆ సమాచారం అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. సిగ్నల్ వచ్చి ఆగిన ఫ్రేమ్ మాత్రం దీనికి మినహాయింపు: కెర్నెల్ అక్కడి సాధారణ రిజిస్టర్లన్నిటినీ స్టాక్‌పై భద్రపరుస్తుంది కనుక, కూలిన క్షణం నాటి విలువలు యథాతథంగా దొరుకుతాయి. క్రాష్ హ్యాండ్లర్ రాసేవారు ఈ ఒక్క ఫ్రేమ్‌ను శ్రద్ధగా నమోదు చేస్తే చాలా సందేహాలు అక్కడే తీరుతాయి.

అసంతృప్తి కలిగించేవి లేకపోలేదు. హెడర్‌ను చేర్చడానికి ముందే లోకల్‌ఓన్లీ మ్యాక్రోను నిర్వచించాలి. లేకపోతే ఫంక్షన్ల పేర్లు వేరే రూపంలోకి మారి, లింకర్ అవి దొరకలేదంటుంది. కొత్తవారికి ఆ సందేశం నుంచి కారణం తట్టదు. రెండోది పేరు చిక్కు: ఎల్‌ఎల్‌వీఎం ప్రాజెక్టులోనూ ఇదే పేరుతో, ఇవే ఫంక్షన్లతో మరో లైబ్రరీ ఉంది. నేను చెబుతున్నది హెచ్‌పీలో డేవిడ్ మోస్‌బర్గర్ ఇటానియమ్ లినక్స్ కోసం మొదలుపెట్టినది, ఎంఐటీ లైసెన్సుతో వస్తుంది, డెబియన్‌లో లిబ్‌అన్‌వైండ్-డెవ్ ప్యాకేజీగా దొరుకుతుంది. మూడోది వేగం. పట్టికలు వెతికి చదవడం కంటే ఫ్రేమ్ పాయింటర్‌ను అనుసరించడం ఎంతో చవక. 2023లో ఫెడోరా 38, ఆ తరువాత ఉబుంటు 24.04 తమ ప్యాకేజీలను ఫ్రేమ్ పాయింటర్లతో కంపైల్ చేయడం మొదలుపెట్టడానికి ప్రొఫైలింగ్ (ప్రోగ్రామ్ సమయం ఎక్కడ ఖర్చవుతుందో కొలవడం) అవసరమే కారణం. సెకనుకు వేల సార్లు స్టాక్ చదివే ప్రొఫైలర్‌కు నేను ఈ లైబ్రరీని సిఫార్సు చేయను.

వేరే ప్రాసెస్ స్టాక్‌ను చదవాలన్నా ఇదే కర్సర్, ఇదే స్టెప్ పనికొస్తాయి. వేరే ప్రాసెస్‌ను ఆపి పరిశీలించనిచ్చే పీట్రేస్ అనే లినక్స్ సౌకర్యంతో ఆ ప్రాసెస్‌ను పట్టుకుని, ఇనిట్‌లోకల్ బదులు ఇనిట్‌రిమోట్ పిలవాలి, లోకల్‌ఓన్లీ మ్యాక్రోను తీసివేయాలి. ఎల్‌ఎల్‌వీఎం వారి లైబ్రరీలో ఈ సౌకర్యం లేదు కనుక, ఆ అవసరం ఉన్నవారు ఇన్‌స్టాల్ చేసేముందు ఏది తెచ్చుకుంటున్నారో సరిచూసుకోవాలి.