ఏడేళ్ల వాడకం తరువాత పాత బుల్లెట్ చక్రాలు: చేతి శుభ్రత, కొత్త క్రోమ్ పూత

మా ఇల్లు విశాఖపట్నంలో, సముద్రానికి దగ్గరలోనే ఉంది. చెన్నై దగ్గరి తిరువొత్తియూరు కర్మాగారంలో తయారైన 1986 నాటి బుల్లెట్ 350 నాన్నగారి దగ్గర నుంచి నా చేతికి వచ్చేసరికి దాని రెండు చక్రాలూ ఉప్పుగాలికి ఎర్రబారి ఉన్నాయి. ఏడేళ్ల క్రితం ముందు చక్రాన్ని పాత రిమ్ముతోనే ఇంట్లో శుభ్రం చేసుకున్నాను. వెనుక రిమ్ము మరీ పాడైనందువల్ల దాన్ని విప్పించి కొత్తగా క్రోమ్ పూత వేయించాను. ఒకే బండికి ఉండి, ఒకే వానకు తడిసిన ఈ రెండు చక్రాలలో ఇప్పుడు నాకు తృప్తినిస్తున్నది ముందుదే.

దానికి నేను వాడినవి వంటింటి అల్యూమినియం ఫాయిల్, నీళ్లు, కిరసనాయిలు, పాత పళ్ల బ్రష్షు, చివరగా మెటల్ పాలిష్. ఫాయిల్‌ను ఉండగా నలిపి, నీళ్లలో ముంచి రుద్దితే తుప్పు గోధుమరంగు బురదలా దిగిపోతుంది. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన కాబట్టి పూత మీద గీత పడదు. అదే ఉప్పుకాగితం పెట్టి రుద్దితే పడిన గీతలు ఇక పోవు. అసలు శ్రమంతా స్పోకుల దగ్గరే. నిపుల్ (స్పోకు కొనను రిమ్ముకు బిగించే చిన్న మరల నట్టు) రిమ్ములోకి దిగేచోట సన్నని ఉంగరంలా పేరుకున్న ఉప్పు, మట్టి, పాత గ్రీజు కలిసిన ముద్దను కిరసనాయిలుతో నానబెట్టి బ్రష్షుతో తీయాలి. చక్రానికి 40 స్పోకులు. రోజుకు పదేసి చొప్పున తీరికగా చేశాను.

అయితే ఫాయిల్‌తో కానిది కూడా ఉంది. క్రోమ్ పొర చాలా పలుచన. తుప్పును నిజంగా అడ్డుకునేది దాని కింద ఉన్న నికెల్ పొర. ఆ నికెల్ చిల్లుపడిన చోట మిగిలిన సూదిమొనంత నల్ల చుక్కలను ఏ పాలిషూ పూడ్చలేదు. నెలకొకసారి మైనం పూస్తూ వచ్చాను. ఏడేళ్లలో ఆ చుక్కలు పెద్దవి కాలేదు.

వెనుక రిమ్ము మొదటి రెండేళ్లు అద్దంలా మెరిసింది. మూడో వానాకాలంలో నిపుల్ రంధ్రాల అంచుల్లో పూత బొబ్బలెక్కి, గోరుతో గీస్తే ఉల్లిపొరలా లేచి వచ్చింది. టైరు విప్పి చూస్తే సంగతి తెలిసింది: పూత వేసినవారు పైకి కనిపించే భాగాన్ని చక్కగా బఫింగ్ చేశారు గాని, రంధ్రాల్లోనూ లోపలి వైపునా ఉన్న పాత తుప్పును అలాగే వదిలేశారు. తుప్పు మీద పూత నిలవదు.

ఆ చక్రానికి అప్పుడే వేయించిన స్టెయిన్‌లెస్ స్టీలు స్పోకుల మీద మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు, ఈ రోజుకీ తడిగుడ్డతో తుడిస్తే చాలు. వాటికి నికెల్ పూత ఉన్న ఇత్తడి నిపుల్సే వాడాలి, ఎందుకంటే స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ నిపుల్ బిగిస్తే మరలు ఒకదానికొకటి పట్టేసుకుంటాయి. పాత స్పోకులు విప్పకముందే హబ్ (చక్రం నడిమి భాగం) అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య దూరం కొలిచి రాసిపెట్టుకోండి. కొత్తవి బిగించాక నిపుల్ దాటి పైకి వచ్చిన స్పోకు కొనలను ఆకురాయితో అరగదీయకపోతే ట్యూబు పంక్చరవుతుంది.

అల్యూమినియం హబ్‌కు కాస్టిక్ సోడా తగలనివ్వవద్దు, అది లోహాన్నే తినేస్తుంది. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తీయాలి. పాలిషు, మైనం డ్రమ్ము లోపలికి చేరితే బ్రేకు జారుతుంది. ఇందులో ఏమరుపాటు పనికిరాదు.

ఈ శీతాకాలంలో వెనుక రిమ్మును మళ్లీ విప్పిస్తున్నాను. ఈసారి వేరే చోట ఇస్తున్నాను. 40 రంధ్రాల్లోనూ తుప్పు పోయిందని నేను కళ్లారా చూసిన తరువాతే పూత తొట్టిలో దించాలని ముందే మాట తీసుకున్నాను.