మైనస్ 14 స్క్రీన్‌షాట్ చూసి డబ్బులు కట్టకండి. హనుమకొండలో మాస్టరింగ్‌కి పాట ఇచ్చేవాళ్లు జాగ్రత్త

మాకు మాస్టరింగ్ (మిక్స్ అయిన పాటకి విడుదలకి ముందు చేసే చివరి సౌండ్ పని) చేసినాయన పేరు రాయను, రాస్తే రేపు పొద్దున ఫోన్ చేసి పరువు నష్టం అంటాడు. మన వైపు ఫోక్ పాటలు చేసేవాళ్లకి ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది, "డీజే రెడీ మాస్టర్, ఒక్క రోజులో డెలివరీ" అని వాట్సాప్ గ్రూపులన్నింట్లో పోస్టర్ తిప్పేది ఆయనే. ఇంకా కోపం మీదే ఉన్నా, మాట తూలితే ఏమనుకోకండి.

విషయం ఏంటంటే బతుకమ్మ పాట. పరకాల దగ్గర మా ఊర్లో మా పెద్దమ్మ పాడింది, వెనక వాడకట్టు ఆడవాళ్లు. రికార్డింగ్, మిక్సింగ్ కరీంనగర్‌లో ఉండే మా తమ్ముడు లాప్‌టాప్ మీద చేశాడు, మంచిగా చేశాడు. మాస్టరింగ్ ఒక్కటి బయట చేయిద్దాం అనుకున్నాం. ఎంగిలిపూల రోజుకైనా యూట్యూబ్‌లో పడాలి, సద్దుల బతుకమ్మ దాటాక ఆ పాట ఎవరు వింటారు? మన తొందర ఆయనకి మనకంటే బాగా తెలుసు. 6000 అన్నాడు, ఫుల్ పేమెంట్ ముందే అన్నాడు. కొట్టేశాం, మా తెలివికి దండం పెట్టాలి.

పాట ఎలా ఉంటుందో చెప్తేనే మిగతాది అర్థమవుతుంది. మొదటి చరణం పెద్దమ్మ గొంతు ఒక్కటే. రెండో చరణంలో ఆడవాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు, చప్పట్లు మొదలవుతాయి. మూడో చరణంలో డప్పు దిగుతుంది. చిర్ర దెబ్బ పడ్డప్పుడు ఒళ్లు ఝల్లుమనాలి, అంటే అంతకుముందు పాట మెల్లగా ఉండాలి. పాట మొత్తం ఆ తేడా మీదనే నడుస్తది. అందుకే ఆయనకి వాట్సాప్‌లో విడమరిచి రాశా. లౌడ్‌నెస్ యూట్యూబ్ గీత మైనస్ 14 లఫ్స్ దగ్గర, ట్రూ పీక్ (సౌండ్ చేరే అన్నిటికంటే పై ఎత్తు) మైనస్ 1 దాటొద్దు, డీఆర్ 10కి తగ్గొద్దు అని. లఫ్స్, డీఆర్ అంటే ఏంటో కింద చెప్తా. మా మిక్స్ మైనస్ 19 లఫ్స్, ట్రూ పీక్ మైనస్ 4, డీఆర్ 12. అంటే 5 డీబీ (డెసిబెల్) లేపి, డప్పు పీకుల్ని లిమిటర్‌తో, అంటే సౌండ్ గీత దాటకుండా నొక్కే టూల్‌తో, ఒక 2 డీబీ పట్టుకుంటే పని అయిపోయినట్టే. గొంతెమ్మ కోరికేం కాదు. ఒక బొటనవేలు బొమ్మ పెట్టి "టెన్షన్ తీసుకోకు అన్నా" అన్నాడు.

కొత్తగా చేసేవాళ్ల కోసం రెండు ముక్కలు. లఫ్స్ అంటే పాట మొత్తం మీద మన చెవికి ఎంత గట్టిగా తగులుతుందో చెప్పే లెక్క, 2006లో అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్లు 1770 అనే నంబర్‌తో దీనికి స్టాండర్డ్ పెట్టారు, 2010లో యూరప్ టీవీలకి దాని మీదనే మైనస్ 23 అని గీత గీశారు. డీఆర్ వేరే సంగతి. పాటని 3 సెకన్ల ముక్కలుగా చేసి, అందులో బాగా గట్టిగా ఉన్న 20 శాతం ముక్కల సగటుకీ పాట పీక్‌కీ మధ్య ఎంత ఎడం ఉందో చూస్తుంది. లిమిటర్‌తో ఎంత నొక్కితే ఆ ఎడం అంత పోతుంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్ల మీదనే ఆయన బిజినెస్ నడుస్తుంది.

స్టూడియోలో వినిపించినప్పుడు ముందు మా మిక్స్ వేశాడు, వెంటనే ఆయనది వేశాడు. మా బావ అక్కడే "అదిరింది" అన్నాడు. అదరదా మరి? మాది మైనస్ 19, ఆయనది మైనస్ 7. 12 డీబీ పెంచి వినిపిస్తే ఎవరి పాటైనా అదురుతుంది, 10 డీబీ పెరిగితేనే చెవికి రెట్టింపు సౌండ్ అనిపిస్తుంది. రెండింటినీ ఒకే సౌండ్‌కి తెచ్చి వినిపించమని అడిగితే "టైం లేదు, బయట పార్టీ వెయిటింగ్" అన్నాడు.

ఇంటికొచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అసలు రంగు బయటపడింది. మొదటి చరణంలో పెద్దమ్మ ఊపిరి తీసుకునే చప్పుడు కూడా డప్పుతో సమానంగా వినిపిస్తోంది. చప్పట్లు పోయి ఏదో కరకర మిగిలింది. డప్పు దెబ్బ పడ్డప్పుడల్లా గొంతు లోపలికి పోయి మళ్లీ పైకి వస్తోంది. మీటర్ పెడితే మైనస్ 7 లఫ్స్, డీఆర్ 4, ట్రూ పీక్ ప్లస్ 1.3. సున్నా దాటిందంటే యూట్యూబ్ వాళ్లు దాన్ని వాళ్ల ఫార్మాట్‌లోకి మార్చినప్పుడు ఇంకా చిరుగుతుంది. ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి, కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి స్టాట్స్ ఫర్ నెర్డ్స్ చూశా. కంటెంట్ లౌడ్‌నెస్ 7 డీబీ, నార్మలైజ్డ్ 45 శాతం. అంటే మైనస్ 14 కంటే ఎంత ఎక్కువుంటే అంత యూట్యూబే తగ్గించేస్తోంది. పాట గొంతు పిసికి సంపాదించిన ఆ సౌండ్ వినేవాడిదాకా చేరనే చేరదు!

ఫోన్ చేస్తే "అరె, డీజే వెర్షన్ వచ్చినట్టుంది అన్నా, యూట్యూబ్ వెర్షన్ పంపుతా" అన్నాడు. పంపాడు. దాంతో పాటు మీటర్ స్క్రీన్‌షాట్, మైనస్ 14.0 చుట్టూ ఎర్ర సున్నా చుట్టి మరీ. నేను థ్యాంక్స్ అని టైప్ చేస్తూ ఉన్నా, ఎందుకో ఆ ఫైల్‌ని నా మీటర్‌లో పెట్టి ట్రూ పీక్ వైపు చూశా. మైనస్ 5.7. లెక్క వేసుకోండి. ముందు ఫైల్ మైనస్ 7, ప్లస్ 1.3, మధ్య ఎడం 8.3. ఈ ఫైల్ మైనస్ 14, మైనస్ 5.7, ఎడం మళ్లీ అదే 8.3. మా మిక్స్‌లో ఆ ఎడం 15. డీఆర్ చూస్తే అదే 4. మళ్లీ మాస్టరింగ్ చేయలేదు, ఏమీ చేయలేదు, నొక్కిన ఫైల్‌నే తీసుకుని వాల్యూమ్ 7 డీబీ కిందికి దించి పంపాడు. మాడిన అన్నాన్ని చిన్న గిన్నెలోకి మార్చి కొత్తగా వండిన అన్నట్టు. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే వేవ్‌ఫామ్‌లో (సౌండ్ గీతల బొమ్మలో) పైనా కిందా బోలెడు ఖాళీ, మధ్యలో మాత్రం పీకుల తలలన్నీ సమానంగా కోసేసి ఉన్నాయి. స్క్రీన్‌షాట్‌లో ట్రూ పీక్, డీఆర్ కనబడకుండా క్రాప్ చేశాడని అప్పుడు గమనించా. తెలియక చేసిన పని కాదు అది. తెలియనోడికి ఎక్కడ క్రాప్ చేయాలో ఎట్ల తెలుస్తది?

మళ్లీ ఫోన్ చేశా, ఈసారి స్పీకర్ ఆన్. పెద్దమ్మ పక్కనే కూర్చుని తంగేడు పూలు ఏరుతోంది. వాల్యూమ్ తగ్గించి పంపావు కదా తమ్మీ అని మర్యాదగానే అడిగా. "మైనస్ 14 అడిగినవ్, మైనస్ 14 ఇచ్చిన, ఇంకేం గావాలె? పాట వింటవా, మీటర్ వింటవా?" అన్నాడు. డీఆర్ 10 అని కూడా రాసిన కదా అంటే, ఆ మాట నా చెవిలో ఇంకా తిరుగుతోంది, "ముసలామె గొంతు పీలగుందన్నా, నొక్కకపోతే ఎవడు వింటడు, నేను లేపిన కాబట్టి పాట లెక్క ఉంది" అన్నాడు. నలభై ఊర్ల ఆడవాళ్లు ఎదురొచ్చినా గొంతు దించని మనిషి మా పెద్దమ్మ. ఆమె గొంతు పీలగా ఉందట! నాకు నోట మాట రాలేదు. ఆమే వంగి ఫోన్‌లోకి "గొంతు గంత పెద్దగున్నోడివైతే నువ్వే పాడు బిడ్డా, మేం సప్పట్లు కొడుతం" అంది. కాల్ కట్. ఇప్పుడు నా నంబర్ బ్లాక్‌లో ఉంది, బావ నంబర్ కూడా.

డీజే బాక్సుల్లో గట్టిగా రావాలంటే నొక్కాల్సిందే అని కొందరు అంటారు, ఆయన కూడా అదే పాట పాడాడు. బాక్స్ దగ్గర ఆంప్లిఫయర్‌కి నాబ్ ఉంటుంది కదా సారూ, కూర్చున్నాయన తిప్పుకుంటాడు. నొక్కేసిన పాటలో పోయిన డప్పు దెబ్బని మాత్రం ఏ నాబ్ తిప్పినా తేలేం.

చివరికి మా తమ్ముడి మిక్స్‌నే 3 డీబీ లేపి పెట్టేశాం. మైనస్ 16, ట్రూ పీక్ మైనస్ 1, డీఆర్ 12 అలాగే ఉంది. తక్కువ ఉన్నదాన్ని యూట్యూబ్ పెంచదు కాబట్టి పక్క పాటల కంటే 2 డీబీ తక్కువ వస్తుంది, రానీ.

ఎవరికైనా ఇచ్చేముందు సగం డబ్బులే ఇవ్వండి. లఫ్స్, ట్రూ పీక్, డీఆర్ మూడూ మెసేజ్‌లో రాయించుకోండి. స్క్రీన్‌షాట్ వద్దు, వేవ్ ఫైల్ తీసుకుని మీరే కొలవండి, యూలీన్ మీటర్ ఫ్రీ వెర్షన్ చాలు, డీఆర్‌కి ఫూబార్ అనే ప్లేయర్‌లో మీటర్ దొరుకుతుంది. నా 6000 తిరిగి రావని తెలుసు. గ్రూపుల్లో ఆయన పోస్టర్ పడ్డప్పుడల్లా దాని కింద క్రాప్ చేయని మీటర్ ఫోటో మాత్రం పెడుతూనే ఉంటా.