బ్రోడర్ జెర్సీ: సంతకం ఉన్నది మేలా, ఆటలో చిరిగింది మేలా?

ఎడిసన్‌లో ఉండే ఒక తమ్ముడు మొన్న రెండు ఫొటోలు పంపి, "అన్నా, వీటిలో ఏది తీసుకోమంటావ్?" అని అడిగాడు. రెండూ న్యూజెర్సీ డెవిల్స్ ఐస్ హాకీ జెర్సీలే. రెండింటి మీదా బ్రోడర్ పేరు, 30 నంబరు. ఒకటి ఎర్రది, షాపులో కొన్నది, ఇంకా మెరుస్తోంది, నంబరు మీద ఆయన సంతకం ఉంది. ఇంకోటి తెల్లది, ఆటలో ఆయన వేసుకున్నదే అంటున్నారు. చేతుల మీద నల్లటి మరకలు, మోచేతి దగ్గర చిరిగితే కుట్టిన గుర్తు. సంతకం లేదు, కానీ ధర మాత్రం దానికే చాలా ఎక్కువ.

చిరిగినదే తీసుకోమన్నాను.

మార్టిన్ బ్రోడర్ డెవిల్స్ గోలీగా, అంటే గోల్ కాసేవాడిగా ఆడాడు. పుట్టింది కెనడాలోని మాంట్రియల్‌లో. తండ్రి డెనిస్ కూడా గోలీయే. 1956 ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కెనడా జట్టులో ఆడాడు. కొడుకు ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో 1,266 మ్యాచ్‌లు ఆడి 691 గెలిచాడు. 125 మ్యాచ్‌ల్లో అవతలి జట్టుకు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఈ మూడు లెక్కల్లోనూ గోలీలందరికంటే పైనున్నది ఆయనే. 82 మ్యాచ్‌ల సీజన్‌లో 70కి పైగా ఆడటం ఆయనకు మామూలు, 2006-07లో అయితే 78 ఆడాడు. అంతగా ఆడిన మనిషి జెర్సీ కొత్తదానిలా ఎలా ఉంటుంది?

పక్ అంటే గట్టి రబ్బరు బిళ్ళ, బరువు సుమారు 170 గ్రాములు. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వచ్చి గోలీ చేతికో ఛాతీకో తగిలినప్పుడు బట్ట మీద నల్లటి మచ్చ వదులుతుంది. గోల్ స్తంభాలకు ఎర్ర రంగు ఉంటుంది కాబట్టి వాటికి రాసుకుంటే ఆ రంగూ అంటుకుంటుంది. ఇవన్నీ తెల్ల జెర్సీ మీద చక్కగా కనిపిస్తాయి, ఎర్రదాని మీద సగం కలిసిపోతాయి. నేను తెల్లదానివైపు మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. 2003 వేసవి దాకా ఎన్‌హెచ్‌ఎల్ జట్లు సొంత ఊళ్ళో తెల్లవి వేసుకునేవి, 2003-04 నుంచి సొంత ఊళ్ళో ముదురు రంగులకు మారాయి. అంటే పాత తెల్ల డెవిల్స్ జెర్సీ వాళ్ళ అప్పటి అరీనా ఉన్న మెడోలాండ్స్‌లో, సొంత జనం ముందు ఆడినది. 1995లో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఎత్తింది తెల్లదానిలోనే. 2003 ఫైనల్లో ఏడో మ్యాచ్‌ను అనాహైమ్ మీద 3-0తో ముగించిందీ తెల్లదానిలోనే. ఆ ఒక్క ఫైనల్లోనే ఆయనవి మూడు షటౌట్లు (ఒక్క గోల్ కూడా ఇవ్వని మ్యాచ్‌లు), అయినా ఉత్తమ ఆటగాడి అవార్డు ఓడిన జట్టు గోలీ జిగేర్‌కు వెళ్ళింది. నాకు అది ఇప్పటికీ మింగుడుపడదు. 2003-04 నుంచి తెల్లది బయటి ఊళ్ళకే పరిమితమైంది. అందుకే ఏ సీజన్‌దో ముందు అడగమన్నాను.

సంతకం జెర్సీ చెడ్డదని కాదు. పిల్లాడికి కానుకగా ఇవ్వాలన్నా, అరీనాకు వేసుకెళ్ళాలన్నా అదే సుఖం. కానీ ఆ బట్ట మంచు మీదికి ఎప్పుడూ వెళ్ళలేదు, బల్ల మీద పరిస్తే సంతకం పెట్టారు, అంతే.

జాగ్రత్తపడాల్సింది మూడో రకం విషయంలో, దాన్ని 'ఇష్యూడ్' అంటారు. జట్టు ఆటగాడి కోసమే కుట్టించింది, కానీ ఆయన తొడగలేదు. గోలీ కొలతలు, వెడల్పు చేతులు, కుట్టు అన్నీ అసలు దానిలాగే ఉంటాయి. దానికి నాలుగు మరకలు పూసి 'ఆటలో వాడింది' అని అమ్మేవాళ్ళుంటే కంటితో కనిపెట్టడం కష్టం. పక్కా దారి ఫొటో మ్యాచింగ్. ఫలానా మ్యాచ్ ఫొటోలో కనిపించే కుట్టు, మరక, నంబరు అతికిన వంకర చేతిలో ఉన్న జెర్సీ మీద అక్కడే ఉండాలి. న్యూజెర్సీలోనే ఉన్న మెయ్‌గ్రే లాంటి సంస్థలు ఇలాంటి జెర్సీలకు ధ్రువపత్రాలు ఇస్తాయి. తమ్ముడు చూసిన తెల్లదానికి మోచేతి కుట్టు ఉంది, ఫొటోలో వెతకడానికి అంతకన్నా మంచి గుర్తు ఏముంటుంది!

"మరి సెయింట్ లూయిస్ బ్లూస్‌ది దొరికితే? అది ఇంకా అరుదు కదా" అన్నాడు. నిజమే, 2014-15లో ఆయన ఆ జట్టుకు ఆడింది ఏడే మ్యాచ్‌లు. కానీ అక్కడ బెంచీ మీద కూర్చున్న రోజులే ఎక్కువ, కాబట్టి జెర్సీ తొడిగినా మంచు మీదికి దిగి ఉండకపోవచ్చు. పైగా రెండు దశాబ్దాలు డెవిల్స్ గోల్ కాసిన మనిషిని గుర్తు చేసుకోవడానికి ఆ నీలం జెర్సీ నాకు చాలదు.

ధ్రువపత్రం, ఫొటో రెండూ కుదిరితే తెల్లదే కొనమన్నాను. కొన్నాక ఉతకొద్దనీ, డ్రైక్లీనింగ్‌కు అసలు ఇవ్వొద్దనీ రెండుసార్లు చెప్పాను. ఆ నల్లటి మరకలు పోయాయంటే అంత డబ్బు పోసి కొన్నదే పోయినట్టు.